కుట్టుమిషను వద్ద దాహము: అపోహలు – వాస్తవములు

జంషెడ్‌పూర్ వాస్తవ్యుని, అందును ఉక్కు కర్మాగారపు క్వార్టర్సులో పుట్టి పెరిగినవానిని, మీ ప్రాంతమున పనికి పోవు స్త్రీలకు మంచినీటికిని మరుగుదొడ్లకును కొరత గలదా యని యడిగినచో, అడిగినవాని యమాయకత్వమునకు జాలిపడి, మాటకు బదులుగా కొళాయి విప్పి గ్లాసెడు నీళ్ళు పట్టి చేతికిచ్చును. ఆ గర్వమునకు హేతువు లేకపోలేదు. ఎనిమిది గంటల పనిదినమును 1912లోనే, ఉచిత వైద్యమును 1915లో, సంక్షేమశాఖను 1917లో, ప్రసూతి భృతిని 1928లో, ప్రభుత్వము చట్టము చేసి నిర్బంధింపక పూర్వమే ఈ యూరి ఉక్కు సంస్థ ప్రవేశపెట్టినది. 1920 ప్రాంతమున నగర నిర్మాణమునకు పూనుకొన్న ఎఫ్. సి. టెంపుల్ మహాశయుడు ప్రజారోగ్యశాఖలో పనిచేసిన యింజనీరగుటచే, నేలవాలును వాననీటి దారిని చూచికొని మరి వీధులు గీసెను. అట్టి యూరిలో నీటిని గూర్చి వ్యాసమేల?

ఈ వ్యాసమునకు విషయము ఉక్కు కాదు, కుట్టు. జంషెడ్‌పూర్ వస్త్రనగరము కాదు. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో మోటారు విడిభాగములదే రాజ్యము, బట్టలు కుట్టు పని చిన్న చిన్న షెడ్లలోను దర్జీ దుకాణములలోను సాగుచుండును. అయినను 2016లో ఝార్ఖండ్ ప్రభుత్వము వస్త్రపరిశ్రమకు ప్రత్యేక విధానమును ప్రకటించిన పిమ్మట రాంచీ పరిసరములలో పెద్ద కుట్టు కర్మాగారములు వెలసినవి. అంతకు మించి, ఈ కొల్హాన్ ప్రాంతపు పల్లెలనుండి ఆడపిల్లలు శిక్షణ ముగించుకొని తిరుప్పూరునకును బెంగళూరునకును తరలిపోవుచున్నారు. ఒకప్పుడు శ్రీకాకుళము, విశాఖ మండలములనుండి మనవారు బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చి ఈ యూరి టాటానగర్ స్టేషనులో దిగిరి, ఇచ్చటి బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరము నిలుపుకొనిరి. నేడదే స్టేషనులో హో, సంతాలు, ముండా బాలికలు రేకుపెట్టెలతో దక్షిణాది రైలెక్కుచున్నారు. వారు పోయి కూర్చుండెడు మిషను వద్ద దాహమెట్లు తీరును, బయటికి పోవలసివచ్చినపుడు ఎవరి నడుగవలెను అను విషయములలో మన మధ్య చెల్లుబడి యగుచున్న నమ్మకములు కొన్ని గలవు. వానిలో పెక్కు సత్యములు కావు.

అపోహ: ఊరు శుభ్రముగా నున్నచో కర్మాగారమును శుభ్రముగానే యుండును.

వాస్తవము: ఊరి గొట్టము కర్మాగారపు గేటు వద్ద ఆగిపోవును, లోపలి నీటికి బాధ్యుడు యజమాని. పైగా ఆదిత్యపూర్ ఖర్కాయీ నదికి ఆవలి గట్టున, సరాయికేలా-ఖర్సావా జిల్లాలో నున్నది. జంషెడ్‌పూర్ పౌరసౌకర్యముల కీర్తి వంతెన దాటి తనంతట తాను పోదు. పల్లెనుండి షేర్ ఆటోలో తెల్లవారుజామున బయలుదేరి వచ్చు స్త్రీకి, ఇల్లు విడిచినది మొదలు ఇల్లు చేరువరకు పది పదకొండు గంటలు కర్మాగారమే సర్వస్వము.

అపోహ: మరుగుదొడ్డి యజమాని దయాధర్మము, ఎన్ని కట్టించినను మేలే.

వాస్తవము: అది దయయు కాదు, ధర్మమును కాదు, చట్టము. 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున పదునెనిమిదవ విభాగము మంచినీటిని గూర్చినది: నీటి తావును కార్మికులకు తెలిసిన భాషలో వ్రాసి గుర్తింపవలెను, అది మరుగుదొడ్డికిని మురుగుకాలువకును ఆరు మీటర్ల లోపున నుండరాదు, రెండువందల యేబదిమందికి మించి పనిచేయు చోట వేసవిలో చల్లని నీరీయవలెను. పందొమ్మిదవ విభాగము స్త్రీ పురుషులకు వేరువేరుగా మూసియున్న మరుగుదొడ్లు కట్టవలెనని శాసించినది. నలుబది రెండవది చేతులు కాళ్ళు కడుగుకొను తావును వేరుగా, చాటుగా ఏర్పరుపుమన్నది. దాని స్థానమున 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన వృత్తిభద్రతా స్మృతి ఇంకొక అడుగు ముందునకు వేసి, ట్రాన్స్‌జెండరు కార్మికులకును ప్రత్యేక వసతి యుండవలెనని చెప్పినది.

ఎన్ని కట్టవలెనను లెక్కను రాష్ట్రముల నియమావళులు నిర్ణయించుచు వచ్చినవి. వానిలో సామాన్యముగా కనబడు లెక్క యిది: స్త్రీలకు ఇరువదియైదుగురికి ఒకటి, పురుషులకు మొదటి నూరుమందివరకు ఇరువదియైదుగురికి ఒకటి, ఆపైన ఏబదిమందికి ఒకటి. ఇది చూచి స్త్రీలకే ఎక్కువ యిచ్చినారని సంతోషించువారు గలరు. కొంచెము ఆగి లెక్కకట్టుడు. మూడువందల మంది స్త్రీలున్నచో పండ్రెండు గదులు. మూడువందల మంది పురుషులున్నచో ఎనిమిది గదులు, వానికి తోడు ఏబదిమందికొకటి చొప్పున ఆరు మూత్రశాలలు. వెరసి పదునాలుగు తావులు. అనగా దేహధర్మముచేత, కట్టుబట్టల తీరుచేత ఎక్కువ కాలము పట్టు స్త్రీకి తక్కువ తావులు దక్కినవి.

లెక్క ఇంకను ఉన్నది. ఒక్కొక్క గదికి ఇరువదియైదుగురు. మనిషికి మూడు నిమిషములనుకొన్నను అందరి వంతు ముగియుటకు డెబ్బదియైదు నిమిషములు. చట్టము విధించిన కనీస విరామము అరగంట. ఆ యరగంటలోనే టిఫిను డబ్బా విప్పవలెను, తినవలెను, చేయి కడుగుకొనవలెను. కనుక నియమావళి ప్రకారము ఒక్క గదియైనను తక్కువ కాకుండ కట్టించిన కర్మాగారములో సైతము, "భోజనపు వేళ పోయి రమ్ము" అను ఒక్క యాజ్ఞతో సగముకన్న ఎక్కువమందికి ఆ గదులు లేనట్లే యగును. గది కట్టుట వేరు, గదికి పోనిచ్చుట వేరు. మన తనిఖీలన్నియు మొదటిదానిని లెక్కించి తృప్తిచెందుచున్నవి.

ఈ నియమములు అందరికిని వర్తించుననుటయు భ్రమయే. పదిమందికి లోపు పనిచేయు షెడ్డు పాత చట్టముక్రిందను క్రొత్త స్మృతిక్రిందను సామాన్యముగా లెక్కకు రాదు. జంషెడ్‌పూర్‌ను ఆనుకొనియున్న మాంగోలో ఒక యింటి డాబాపైన ఆరు మిషన్లు వేసి బడి యూనిఫారములు కుట్టించువానిని అడుగుట కీ విభాగములు చాలవు.

అపోహ: ఆడవారు స్వభావముచేత నీళ్ళు తక్కువ త్రాగుదురు.

వాస్తవము: స్వభావము కాదు, లెక్క. త్రాగినచో పోవలెను, పోవలెనన్న అడుగవలెను, అడిగినచో సూపర్‌వైజరు గడియారము చూచును. ఈ మూడింటిని తలచుకొని ఆమె ఉదయమున ఇంటివద్దనే టీ మానివేయును. మిషను ప్రక్కన సీసా పెట్టుకొననీయరు, గుడ్డకు తడి తగిలి మరకయగునేమో యని. సీసాలన్నియు హాలు చివర బల్లమీద వరుసగా నుండును. పైనుండి రేకుల వేడి, ప్రక్కనుండి ఇస్త్రీ విభాగపు ఆవిరి, గొంతులో నూలుపీచు. ఏప్రిలు, మే మాసములలో ఈ ప్రాంతపు ఎండ నలుబది డిగ్రీలు దాటుట అరుదు కాదు. అట్టి దినమున ఇంటినుండి నింపి తెచ్చుకొన్న లీటరు సీసా సాయంకాలము సగము నిండుగానే తిరిగి పోవును. ఆ సగము సీసాను చూచి, "పాపము, ఆమెకు దాహము లేదు" అని యనుకొనువాడు మాత్రము నిజముగా అమాయకుడు.

దేహము దీనికి సుంకము వసూలు చేయును. స్త్రీకి మూత్రనాళము సుమారు నాలుగు సెంటీమీటర్ల పొడవు, పురుషునికి సుమారు ఇరువది. క్రిములు మూత్రాశయము చేరుటకు స్త్రీలో దారి అంత పొట్టిది. నీరు తక్కువయై, వచ్చిన మూత్రము గంటలకొలది నిలువయున్నచో లోపల చేరిన క్రిములు కొట్టుకొనిపోవుటకు బదులు అక్కడనే వృద్ధిపొందును. మంట, చలిజ్వరము, నడుమునొప్పి. గర్భిణి యందు ఇది మూత్రపిండములకు ప్రాకి నెలలు నిండని కాన్పునకు కారణము కావచ్చును. నీటి మహిమను కొలిచి చూచిన పరిశోధన యొకటి 2018లో ప్రకటితమైనది. తరచుగా ఈ బాధకు లోనగుచు తక్కువ నీరు త్రాగెడు నూటనలుబది మంది స్త్రీలను బల్గేరియాలో ఎన్నుకొని, సగము మందికి అలవాటు ప్రకారము త్రాగునదిగాక రోజునకు లీటరున్నర అదనముగా ఇప్పించిరి. ఏడాదిలో మామూలుగా త్రాగినవారికి సగటున మూడు పర్యాయములకు పైగా బాధ తిరుగబెట్టగా, అదనముగా త్రాగినవారికి రెండు పర్యాయములైనను పూర్తిగా రాలేదు. మందు లేదు, సూది లేదు, నీరు మాత్రమే. ఆ నీటికి తోడు వెళ్ళివచ్చుటకు అనుమతియు కావలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

అపోహ: అడిగినప్పుడెల్ల పోనిచ్చినచో టార్గెట్టు పడిపోవును, కనుకనే టోకెను పద్ధతి.

వాస్తవము: యజమాని వాదమునందు కొంత సత్యము గలదు, దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. కుట్టు వరుసలో ఒకరు కాలరు, మరియొకరు చేతులు, వేరొకరు బొత్తముల పట్టీ కుట్టుచుందురు. నడుమ ఒకరు లేచినచో ఆమె యెదుట పీసులు పోగుపడును, ఆవలి టైలరు ఖాళీగా కూర్చుండును. అందుచేత కసరుకొనునది సూపర్‌వైజరు మాత్రమే కాదు, ప్రక్క మిషను చెల్లెలు కూడ. బయటికి పోవుటకు ఇద్దరు కుట్టువారికి ఒకే టోకెనిచ్చి, అది తిరిగివచ్చువరకు రెండవవారిని కూర్చుండబెట్టు పద్ధతి ఇట్లు పుట్టినదే.

కాని దీనికి పరిష్కారము ఆ పరిశ్రమకే తెలియును. అన్ని రకముల కుట్లు నేర్చి, ఎవరు లేచిన వారి స్థానమున కూర్చుండువారిని ఫ్లోటర్లందురు. నలుబదిమంది వరుసలో ఒక్కొక్కరు షిఫ్టునకు రెండుమార్లు పది నిమిషముల చొప్పున పోయివచ్చినచో మొత్తము ఎనిమిదివందల నిమిషములు. ఎనిమిది గంటల షిఫ్టు నాలుగువందల ఎనుబది నిమిషములు. కనుక ఇద్దరు ఫ్లోటర్లున్నచో వరుస ఆగదు, ఇంకను కొంత మిగులును. ఆ యిద్దరి జీతమును మిగుల్చుకొనుటకై నలుబదిమందిని బిగబట్టుకొని కూర్చుండు మనుట వ్యయనియంత్రణము కాదు. వ్యయమును కార్మికురాలి దేహముమీదికి నెట్టుట. జ్వరము వచ్చి ఆమె మూడు దినములు రానపుడు ఖాళీయైన మిషను ఖర్చును ఎవరును ఆ పద్దులో వ్రాయరు.

అపోహ: బహిష్టు ఇంటి విషయము, కర్మాగారమునకు సంబంధము లేదు.

వాస్తవము: నెలకు నాలుగైదు దినములు, దినమునకు పది గంటలు ఆమె ఇంటివద్ద నుండదు. కనుక ఇంటి విషయమెట్లగును? అది మైలయు కాదు, చెడురక్తమును కాదు. గర్భాశయపు లోపలి పొర విడివడి వచ్చుట. నాలుగు మొదలు ఆరు గంటల కొకసారి గుడ్డయో ప్యాడో మార్చుకొనవలెను. అందులకు కావలసినవి అల్పములు: లోపల గడియ, సంచి తగిలించుటకు ఒక కొక్కెము, గది లోపలనే నీళ్ళు, మూత గల చెత్తడబ్బా, సబ్బు. కోట్ల వ్యయముతో కట్టిన భవనములలో ఈ కొక్కెము లేకపోవుట నాకు వింతగా తోచును. తడి నేలమీద సంచి పెట్టలేక, పండ్లతో పట్టుకొని మార్చుకొను స్థితిని ఆ నక్షా గీసినవా డెన్నడును ఊహింపడు.

ఈ యల్పములు లేనిచోట ఏమగునో పొరుగుదేశము చూపినది. బంగ్లాదేశ్ కుట్టు కర్మాగారములలో స్త్రీలు నేలమీద పడిన రంగుగుడ్డ తుంటలనే వాడుకొనుచుండిరని, దానివలన వ్యాధులు, పనికి రాకపోవుటలు కలిగెనని అచ్చటి ఆరోగ్య కార్యకర్తలు బయటపెట్టిరి. మన తమిళనాడున వేరొక విధము: నొప్పియని చెప్పిన స్త్రీలకు కర్మాగారపు మేస్త్రీలు పేరులేని మాత్రలిచ్చి మరల మిషను వద్ద కూర్చుండబెట్టుచున్న సంగతిని 2019లో పత్రికా పరిశోధన యొకటి వెల్లడించినది. ఏ మందో తెలియదు, దాని దుష్ఫలితమెట్టిదో చెప్పినవారు లేరు. కొల్హాన్ పిల్లలు ఆ రాష్ట్రమునకును పోవుచున్నారు కావున ఈ వార్త మనకు దూరపుది కాదు.

బహిష్టు సెలవు నేటి నాగరకపు కోరిక యనువారికి ఒక మాట. 1992లోనే బిహారు ప్రభుత్వము తన మహిళోద్యోగులకు నెలకు రెండు దినముల ప్రత్యేక సెలవు నిచ్చినది. అప్పుడు జంషెడ్‌పూర్ బిహారులోనిదే. అయితే అది ప్రభుత్వోద్యోగినులకు దక్కినది, మిషనుమీది స్త్రీకి దక్కలేదు.

అపోహ: విదేశములకు ఎగుమతిచేయు పెద్ద కంపెనీలలో తనిఖీలుండును, అచ్చట భయము లేదు.

వాస్తవము: కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అను కుట్టు కర్మాగారము 2012 సెప్టెంబరు 11న కాలి రెండువందల యేబదిమందికి పైగా మరణించిరి, కొన్ని వారములకు ముందే అది అంతర్జాతీయ ప్రమాణపత్రమును పొందియుండెను. మన అచ్యుతాపురము వస్త్రనగరిలో 2022 జూన్ 3న, మరల ఆగస్టు 2న, విషవాయువు పీల్చి పెద్దసంఖ్యలో స్త్రీలు సొమ్మసిల్లి ఆసుపత్రుల పాలైరి. తనిఖీ పనికిమాలినదని నా యభిప్రాయము కాదు. కాని ముందుగా చెప్పి వచ్చు తనిఖీదారునికి ఆనాటి ఉదయము కడిగిన గది, ఆనాడే పెట్టిన సబ్బు కనబడును, టోకెను కనబడదు. సూపర్‌వైజరు ప్రక్కన నిలుచుండగా, "నీకు ఇబ్బంది యేమైన గలదా?" యని యడిగినచో, హిందీయో తమిళమో సగము వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్ల తల అడ్డముగా త్రిప్పును. కాగితము మీద "ఇబ్బంది లేదు" అని పడును.

అపోహ: తొందరగా రమ్మని తలుపు తట్టుట క్రమశిక్షణలో భాగము.

వాస్తవము: స్త్రీల మరుగుదొడ్డి వాకిట పురుషుడు నిలిచి తలుపు బాదుట, ఎంతసేపైనదని హాలులో పదిమంది వినునట్లు వెక్కిరించుట క్రమశిక్షణ కాదు. ఆ మాటలు, చేష్టలు లైంగిక స్వభావము గలవైనచో పనితావులలో లైంగిక వేధింపులను నిషేధించు 2013 నాటి చట్టముక్రిందకు వచ్చును. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతి చోటను అంతర్గత సంఘము ఉండితీరవలెను. పదిమందికి లోపున్న చోటివారు జిల్లాలోని స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేయవచ్చును. మాంగో డాబాపైని ఆరు మిషన్లకు ఫ్యాక్టరీ నియమములు చేరకున్నను ఈ చట్టము చేరును. ఫిర్యాదునకు గడువు మూడు నెలలు.

అపోహ: స్త్రీలే గదులను పాడుచేయుదురు, ఎన్ని కట్టినను అంతే.

వాస్తవము: మూడువందల మందికి ఒక్క సఫాయి మనిషిని పెట్టి, ఆమెకు చేతితొడుగులు, బ్రష్షు ఇయ్యక, మధ్యాహ్నము తొట్టిలో నీళ్ళు అయిపోయినను మోటారు వేయక, తప్పును వాడుకొనువారిమీద వేయుట సులభము. ఆ సఫాయి మనిషియు సామాన్యముగా స్త్రీయే. ఆమెకు కుట్టువారి జీతములో ఎంత భాగము వచ్చునో, ఆమె ఎక్కడ కూర్చుండి అన్నము తినునో ఈ విషయమై వ్రాయువారు సైతము అరుదుగా అడుగుదురు.

ఈ పత్రిక చదువు తెలుగువారిలో జంషెడ్‌పూర్, ఆదిత్యపూర్ వాసులు, అచ్యుతాపురము పరిసరముల వారు, కుట్టుశిక్షణ ముగించిన బిడ్డను ఎక్కడికో పంపనున్న తలిదండ్రులు ఉందురు. పంపుటకు ముందు మీరు ఏజెంటును అడుగునది జీతమెంత, హాస్టలు గలదా యను రెండు ప్రశ్నలు. వానితో మూడవదిగా, పనివేళలో బయటికి పోవలెనన్న ఎవరి నడుగవలెను, టోకెను పద్ధతి గలదా యని కూడ అడుగుడు. జవాబు చెప్పుటకు ఏజెంటు తడబడినచో, అచ్చట ఇదివరకే పనిచేయుచున్న మన యూరి పిల్లకు ఫోను చేసి, ఇంటికి తీసికొనిపోవు సీసాలో సాయంకాలము ఎన్ని నీళ్ళు మిగులుచున్నవో కనుగొని, ఆ తరువాతనే టిక్కెట్టు కొనుడు.